మత్తుకు మెదడు ఎలా బానిస అవుతుంది? వ్యసనం వెనుక ఉన్న నాడీశాస్త్రం

మద్యానికో, గంజాయికో, హెరాయిన్‌కో బానిసైన వ్యక్తి గురించి ఇంటా బయటా వినిపించే మాట ఒకటే: 'గట్టిగా అనుకుంటే మానలేడా?' భార్యాబిడ్డల మీద ఒట్టు పెట్టించడం, గుడిలో మాల వేయించడం, గదిలో పెట్టి తాళం వేయడం వంటి ప్రయత్నాలన్నీ ఈ నమ్మకం నుంచే పుట్టాయి. కొందరు నిజంగానే మానేస్తారు. చాలామంది కొన్నాళ్లు మాని మళ్లీ మొదటికి వస్తారు. దాంతో కుటుంబం విసిగిపోతుంది, బాధితుడు సిగ్గుతో మరింత ముడుచుకుపోతాడు.

వ్యసనం మెదడులో ఎలా వేళ్లూనుకుంటుందో గత ఏడు దశాబ్దాల పరిశోధన చాలావరకు వివరించగలిగింది. మత్తుపదార్థాలు మెదడులో ఏ భాగాలపై పనిచేస్తాయి, కోరిక ఎందుకు అదుపు తప్పుతుంది, మానేసిన తర్వాత కూడా ఎందుకు తిరిగి మొదలవుతుంది, చికిత్స ఎక్కడ సాయపడుతుంది అన్న అంశాలు ఈ కథనంలో ఉన్నాయి.

వ్యసనం అంటే ఏమిటి?

మత్తుపదార్థం వాడిన ప్రతి ఒక్కరూ వ్యసనపరులు కారు. హాని జరుగుతోందని తెలిసినా, మానాలని ఉన్నా, వాడకాన్ని అదుపు చేసుకోలేని స్థితినే వైద్యులు వ్యసనంగా పరిగణిస్తారు. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో వెలువరించిన ఐదో వ్యాధినిర్ధారణ గ్రంథం దీనిని 'పదార్థ వినియోగ రుగ్మత' అని పేర్కొంది. నిర్ధారణకు 11 లక్షణాలను సూచించింది. అనుకున్నదానికన్నా ఎక్కువ వాడటం, మానాలని ప్రయత్నించి విఫలం కావడం, తీవ్రమైన కోరిక కలగడం, ఉద్యోగ కుటుంబ బాధ్యతలను నిర్లక్ష్యం చేయడం, మోతాదు పెంచితే తప్ప మత్తు ఎక్కకపోవడం, మానితే శారీరక బాధలు మొదలుకావడం వీటిలో కొన్ని. ఏడాది కాలంలో రెండు లేదా మూడు లక్షణాలు కనిపిస్తే స్వల్పస్థాయి, నాలుగైదు ఉంటే మధ్యస్థం, ఆరు లేదా అంతకు మించి ఉంటే తీవ్రస్థాయిగా గుర్తిస్తారు.

ఇక్కడ ఒక తేడాను గమనించాలి. శరీరం ఒక మందుకు అలవాటుపడి, అది ఆగితే ఇబ్బంది పడటాన్ని 'శారీరక ఆధారపడటం' అంటారు. క్యాన్సర్ నొప్పికి వైద్యుని పర్యవేక్షణలో మార్ఫిన్ తీసుకునే రోగికి కూడా ఇది కలగవచ్చు. అంతమాత్రాన ఆ రోగి వ్యసనపరుడు కాడు. అదుపు కోల్పోవడం, హాని ఎదురైనా కొనసాగించడం ఉన్నప్పుడే అది వ్యసనమవుతుంది.

1954: మాంట్రియల్ ప్రయోగశాలలో ఒక ఎలుక

ఈ రంగంలో తొలి మలుపు కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో చోటుచేసుకుంది. జేమ్స్ ఓల్డ్స్, పీటర్ మిల్నర్ అనే పరిశోధకులు ఎలుకల మెదడులో సన్నని విద్యుత్ తీగలు అమర్చి, వాటి ప్రవర్తనను పరిశీలిస్తున్నారు. ఒక ఎలుకలో ఆ తీగ అనుకున్న చోటికి కాకుండా పక్కకు చేరింది. స్వల్ప విద్యుత్ ప్రసారం అందిన మూలకే ఆ ఎలుక పదేపదే తిరిగి వెళ్లడాన్ని వారు గమనించారు. తర్వాత మీట నొక్కితే విద్యుత్ అందే ఏర్పాటు చేయగా, ఎలుకలు తమంతట తామే ఆ మీటను నొక్కడం మొదలుపెట్టాయి. ఆ తరువాతి ప్రయోగాలలో కొన్ని ఎలుకలు గంటకు వేలసార్లు మీట నొక్కాయి. ఆకలితో ఉన్నవి సైతం ఎదుట ఉన్న ఆహారాన్ని వదిలి మీట వైపే వెళ్లాయి.

1954లో ప్రచురితమైన ఈ పరిశోధనతో, మెదడులో ఒక ప్రత్యేక వ్యవస్థ ఉందని, దానిని ప్రేరేపిస్తే జీవి అదే పనిని మళ్లీ మళ్లీ చేస్తుందని తేలింది. దీనినే ప్రతిఫల వ్యవస్థ అంటున్నారు. ఆ వ్యవస్థలో కీలకమైన రసాయనం డోపమైన్. డోపమైన్ మెదడులో సంకేతాలు మోసే స్వతంత్ర రసాయనమని 1950ల చివర్లో నిరూపించిన స్వీడన్ శాస్త్రవేత్త ఆర్విడ్ కార్ల్‌సన్‌కు 2000 సంవత్సరంలో పాల్ గ్రీన్‌గార్డ్, ఎరిక్ క్యాండెల్‌లతో కలిపి వైద్యశాస్త్ర నోబెల్ పురస్కారం లభించింది.

ప్రతిఫల వ్యవస్థ ఎలా పనిచేస్తుంది?

మనిషి మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలు ఉన్నాయి. వాటిలో డోపమైన్‌ను తయారుచేసేవి కొన్ని లక్షలు మాత్రమే. వీటిలో ఒక ముఖ్య సమూహం మెదడు కాండం పైభాగాన, మధ్యమెదడులోని 'వెంట్రల్ టెగ్మెంటల్ ఏరియా' అనే చిన్న ప్రాంతంలో ఉంటుంది. అక్కడి నుంచి బయలుదేరిన నాడీతంతువులు మెదడు లోపలి భాగంలోని 'న్యూక్లియస్ అక్యుంబెన్స్'ను చేరుతాయి. భయోద్వేగాలకు కేంద్రమైన ఎమిగ్డలా, జ్ఞాపకాలను నిలిపే హిప్పోకాంపస్, నుదుటి వెనుక ఉండే ప్రీఫ్రంటల్ కార్టెక్స్‌లకూ వీటి శాఖలు విస్తరిస్తాయి.

ఆకలివేళ అన్నం, దాహానికి నీరు, ఆత్మీయుల స్పర్శ, పరీక్షలో విజయం వంటివి ఎదురైనప్పుడు ఈ కణాలు డోపమైన్‌ను విడుదల చేస్తాయి. 'ఇది మేలైనది, గుర్తుంచుకో, మళ్లీ చెయ్యి' అనే సంకేతం మెదడంతటా వ్యాపిస్తుంది. ప్రాణి బతకడానికి, సంతతిని నిలుపుకోవడానికి అవసరమైన పనులను మరువకుండా చేసే ఏర్పాటు ఇది. ఏ పని ఎంత విలువైనదో ఎమిగ్డలా, హిప్పోకాంపస్ నమోదు చేస్తాయి. ఇప్పుడు చేయడం తగునా, తగదా అని తూచి చూసేది ప్రీఫ్రంటల్ కార్టెక్స్.

డోపమైన్ పని ఆనందం కలిగించడమేనా?

డోపమైన్‌ను 'ఆనంద రసాయనం' అని పిలవడం పరిపాటి. శాస్త్రీయంగా ఇది పూర్తిగా సరికాదు. జర్మనీలో జన్మించిన శాస్త్రవేత్త వోల్‌ఫ్రామ్ షుల్ట్జ్ కోతులపై జరిపిన ప్రయోగాల్లో, ఊహించని పండ్లరసం అందినప్పుడు వాటి డోపమైన్ కణాలు చురుగ్గా స్పందించాయి. రసం రాబోతోందని సూచించే దీపానికి కోతులు అలవాటుపడ్డాక, ఆ కణాలు రసానికి కాక దీపానికి స్పందించడం మొదలైంది. దీపం వెలిగినా రసం రాకపోతే వాటి చురుకుదనం మామూలు స్థాయి కన్నా తగ్గింది. అంటే డోపమైన్ కణాలు కొలిచేది ఆశించినదానికి, అందినదానికి మధ్య ఉన్న తేడాను. మెదడు నేర్చుకోవడానికి ఈ తేడాయే ఆధారం.

సహజ ప్రతిఫలాలు అలవాటయ్యేకొద్దీ వాటికి కలిగే డోపమైన్ స్పందన తగ్గుతుంది. మత్తుపదార్థం విషయంలో అలా జరగదు. అది రసాయనికంగా నేరుగా డోపమైన్‌ను పెంచుతుంది కాబట్టి, ప్రతిసారీ 'ఊహించినదానికన్నా మిన్న' అనే తప్పుడు సంకేతమే మెదడుకు అందుతుంది.

అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన టెర్రీ రాబిన్‌సన్, కెంట్ బెరిడ్జ్ 1993లో ప్రతిపాదించిన సిద్ధాంతం మరో ముఖ్యమైన విషయాన్ని వివరించింది. 'ఇష్టపడటం', 'కావాలనిపించడం' ఒకటి కావని, వాటికి మెదడులో వేర్వేరు ఏర్పాట్లు ఉన్నాయని వారు పేర్కొన్నారు. డోపమైన్ ప్రధానంగా రెండోదానికి సంబంధించినది. వాడకం సాగేకొద్దీ మత్తులో దొరికే సుఖం తగ్గుతూ, దాని కోసం పడే తపన మాత్రం పెరుగుతూ పోతుంది. 'ఇప్పుడు తాగినా ఏ సంతోషమూ లేదు, అయినా ఆగలేకపోతున్నాను' అని చికిత్సకు వచ్చినవారు చెప్పే మాటకు ఇదే శాస్త్రీయ వివరణ.

ఏ పదార్థం ఎలా పనిచేస్తుంది?

మత్తుపదార్థాలు ఒకదానికొకటి ఎంతో భిన్నమైనవి. అయితే వ్యసనానికి దారితీసేవి దాదాపు అన్నీ న్యూక్లియస్ అక్యుంబెన్స్‌లో డోపమైన్‌ను పెంచుతాయి. అక్కడికి చేరే మార్గాలే వేరు.

నల్లమందు, హెరాయిన్, మార్ఫిన్, ట్రమడాల్ వంటి ఓపియాయిడ్లు: శరీరం సహజంగా తయారుచేసుకునే నొప్పినివారక రసాయనాల కోసం మెదడులో ప్రత్యేక గ్రాహకాలు ఉన్నాయి. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో క్యాండేస్ పెర్ట్, సాల్మన్ స్నైడర్ 1973లో వీటిని గుర్తించారు. 1975లో స్కాట్లాండ్‌లో జాన్ హ్యూస్, హాన్స్ కాస్టర్‌లిట్జ్ శరీరంలోని సహజ రసాయనాలైన ఎన్‌కెఫలిన్లను కనుగొన్నారు. ఓపియాయిడ్లు ఈ గ్రాహకాలకే అతుక్కుంటాయి. డోపమైన్ కణాలను అదుపులో ఉంచే గాబా కణాలను అవి నిద్రపుచ్చుతాయి. పగ్గం వదిలినట్లు డోపమైన్ పెరుగుతుంది. శ్వాసను నియంత్రించే కేంద్రాలను సైతం ఇవి మందగింపజేస్తాయి కాబట్టి, మోతాదు మించితే ఊపిరి ఆగి మరణం సంభవిస్తుంది.

కొకైన్, యాంఫెటమిన్లు: విడుదలైన డోపమైన్‌ను నాడీకణం తిరిగి లోపలికి తీసుకోవడానికి ఒక రవాణా ప్రొటీన్ ఉంటుంది. కొకైన్ ఆ ద్వారాన్ని మూసివేస్తుంది. యాంఫెటమిన్, మెథాంఫెటమిన్ ఆ రవాణాను తలకిందులు చేసి, కణం లోపల నిల్వ ఉన్న డోపమైన్‌ను బయటకు నెట్టివేస్తాయి.

మద్యం: ఇది ఒకే గ్రాహకానికి పరిమితం కాదు. మెదడును నెమ్మదింపజేసే గాబా ప్రభావాన్ని పెంచి, ఉత్తేజపరిచే గ్లుటమేట్ ప్రభావాన్ని తగ్గిస్తుంది. శరీరంలోని సహజ ఓపియాయిడ్లను విడుదల చేయించి, వాటి ద్వారా డోపమైన్‌ను కూడా పెంచుతుంది.

నికోటిన్: బీడీ, సిగరెట్, గుట్కా, ఖైనీల ద్వారా శరీరంలో చేరే నికోటిన్ డోపమైన్ కణాలపై ఉన్న ఎసిటైల్‌కోలిన్ గ్రాహకాలను నేరుగా ప్రేరేపిస్తుంది. పొగ పీల్చిన కొన్ని సెకన్లలోనే అది మెదడుకు చేరుతుంది. ఏ పదార్థమైనా ఎంత త్వరగా మెదడుకు చేరితే వ్యసనంగా మారే అవకాశం అంత ఎక్కువ.

గంజాయి: ఇందులోని టీహెచ్‌సీ అనే రసాయనం మెదడులోని కన్నబినాయిడ్ గ్రాహకాలపై పనిచేస్తుంది. జ్ఞాపకశక్తి, కాలస్పృహ, ఏకాగ్రతలపై దీని ప్రభావం ఉంటుంది. కౌమారంలోనే మొదలుపెట్టి తరచుగా వాడేవారిలో మానసిక రుగ్మతల ముప్పు ఎక్కువని పలు పరిశోధనలు సూచించాయి.

అల్ప్రాజోలం, డయాజిపాం వంటి మత్తుమాత్రలు: ఇవి గాబా గ్రాహకాల చర్యను బలపరుస్తాయి. వైద్యుని సలహా లేకుండా వారాలు, నెలల తరబడి వాడితే శరీరం వీటిపై ఆధారపడుతుంది.

అలవాటు వ్యసనంగా మారే క్రమం

పదేపదే డోపమైన్ ఉప్పొంగితే మెదడు తనను తాను సర్దుకుంటుంది. అమెరికాలో నోరా వోల్కోవ్ బృందం 1990లలో చేసిన పెట్ స్కాన్ పరీక్షల్లో, కొకైన్‌కు బానిసలైనవారి మెదడులో డోపమైన్ డీ2 గ్రాహకాలు తక్కువగా ఉన్నట్లు కనిపించింది. దీనితో పాటు ప్రీఫ్రంటల్ కార్టెక్స్‌లోని కొన్ని భాగాల చురుకుదనం కూడా తగ్గింది. గ్రాహకాలు తగ్గిన మెదడుకు మునుపటి మోతాదు చాలదు. పిల్లల నవ్వు, మంచి భోజనం, పండుగ సందడి వంటివి కూడా చప్పగా తోస్తాయి.

శాస్త్రవేత్తలు జార్జ్ కూబ్, నోరా వోల్కోవ్ ఈ స్థితిని మూడు దశల చక్రంగా వర్ణించారు. మొదటిది మత్తులో మునిగే దశ. రెండోది మత్తు దిగాక కలిగే వేదన. ఈ దశలో మెదడులోని ఒత్తిడి వ్యవస్థ చురుగ్గా మారి ఆందోళన, చిరాకు, నిద్రలేమి, దిగులు కలుగుతాయి. మూడోది మళ్లీ ఎప్పుడు, ఎలా దొరుకుతుందన్న ధ్యాసలోనే గడిపే దశ. తొలినాళ్లలో సుఖం కోసం వాడిన వ్యక్తి, చక్రం తిరిగేకొద్దీ బాధను తప్పించుకోవడానికే వాడే స్థితికి వస్తాడు.

కణాల స్థాయిలోనూ మార్పులు జరుగుతాయి. మత్తుపదార్థాల దీర్ఘకాల వాడకంతో 'డెల్టా ఫాస్‌బీ' అనే ప్రొటీన్ న్యూక్లియస్ అక్యుంబెన్స్‌లో పేరుకుంటుందని, వాడకం ఆగిన తర్వాత కూడా వారాల తరబడి నిలిచి, అనేక జన్యువుల పనితీరును మారుస్తుందని ఎరిక్ నెస్లర్ బృందం జంతువులపై చేసిన పరిశోధనల్లో వెల్లడైంది.

మానిన తర్వాత మళ్లీ ఎందుకు?

ఆరు నెలలు మద్యం ముట్టని వ్యక్తి పాత మిత్రుణ్ని కలిసిన సాయంత్రమే మళ్లీ తాగవచ్చు. దీపానికి స్పందించిన కోతి మెదడు మాదిరిగానే, మనిషి మెదడు కూడా మత్తుతో ముడిపడిన గుర్తులకు స్పందిస్తుంది. దుకాణం ఉన్న వీధి మలుపు, గ్లాసుల చప్పుడు, జీతం అందిన రోజు, ఒక సూది, ఒక వాసన చాలు. స్పృహకు తెలిసేలోపే డోపమైన్ సంకేతం వెలువడుతుంది. మానసిక ఒత్తిడి, ఒక్కసారి రుచి చూడటం కూడా ఇదే పని చేస్తాయి.

కోరికకు మెదడులోని 'ఇన్సులా' అనే భాగంతో సంబంధం ఉందని 2007లో వెలువడిన ఒక అధ్యయనం తెలిపింది. పక్షవాతం వంటి కారణాలతో ఈ భాగం దెబ్బతిన్న ధూమపానప్రియులలో పలువురు సునాయాసంగా సిగరెట్ మానేశారు. తమకు తాగాలన్న తపనే కలగడం లేదని వారు తెలిపారు.

మానిన తర్వాత తిరిగి వాడటంలో ప్రాణాపాయం కూడా ఉంది. కొన్ని వారాలు ఓపియాయిడ్లకు దూరంగా ఉంటే శరీరం తట్టుకునే శక్తి తగ్గిపోతుంది. చికిత్స కేంద్రం నుంచో, జైలు నుంచో బయటకు వచ్చిన వ్యక్తి మునుపటి మోతాదే తీసుకుంటే అది ప్రాణాంతకం కావచ్చు. విడుదలైన తొలి వారాలు ఇందువల్లే అత్యంత ప్రమాదకరమైనవి. పరిసరాల పాత్ర కూడా తక్కువది కాదు. షెపర్డ్ సీగెల్ బృందం 1982లో ప్రచురించిన ప్రయోగంలో, హెరాయిన్‌కు అలవాటుపడిన ఎలుకలకు ఎక్కువ మోతాదును అలవాటు లేని చోట ఇస్తే, అలవాటైన చోట ఇచ్చినప్పటితో పోల్చితే మరణాలు రెట్టింపయ్యాయి.

ఎవరికి ముప్పు ఎక్కువ?

కవలలు, దత్తత పిల్లలపై జరిగిన అధ్యయనాల ప్రకారం వ్యసన ముప్పులో సుమారు 40 నుంచి 60 శాతం వరకు వంశపారంపర్య కారణాలకు ఆపాదించవచ్చు. దీనికి ఏదో ఒక జన్యువు కారణం కాదు. చిన్న చిన్న ప్రభావం గల అనేక జన్యువులు కలిసి పనిచేస్తాయి. తండ్రి తాగుబోతైతే కొడుకు తప్పక తాగుబోతు అవుతాడన్న నియమమేమీ లేదు.

వయసు మరో కీలకాంశం. ప్రతిఫల వ్యవస్థ కౌమారంలోనే చురుగ్గా ఉంటుంది. తొందరపాటును అదుపు చేసే ప్రీఫ్రంటల్ కార్టెక్స్ పరిణతి చెందడానికి సుమారు 25 ఏళ్ల వయసు వస్తుంది. ఈ మధ్యకాలంలో మొదలైన వాడకం వ్యసనంగా స్థిరపడే అవకాశం ఎక్కువ. బాల్యంలో హింస, నిరాదరణ, చికిత్స అందని దిగులు, ఆందోళన రుగ్మతలు కూడా ముప్పును పెంచుతాయి.

పరిసరాల ప్రభావానికి వియత్నాం యుద్ధానంతర అధ్యయనం పెద్ద ఉదాహరణ. అక్కడ పనిచేసిన అమెరికా సైనికుల్లో దాదాపు ఐదోవంతు మంది హెరాయిన్ వంటి నల్లమందు మత్తుపదార్థాలకు బానిసలైనట్లు సామాజిక శాస్త్రవేత్త లీ రాబిన్స్ జరిపిన అధ్యయనంలో తేలింది. స్వదేశానికి చేరాక మూడేళ్లలో వారిలో తిరిగి వ్యసనంలో పడినవారు సుమారు 12 శాతమే. యుద్ధభూమి, అక్కడి భయం, అక్కడి సహచరులు, చవకగా దొరికిన మత్తు అన్నీ వెనుకే ఉండిపోయాయి. మెదడులో మార్పులు వచ్చినంత మాత్రాన బయటపడే దారి మూసుకుపోదని ఈ ఫలితం చాటింది.

ఒక్కసారిగా మాన్పించడంలో ప్రమాదం

2020 మార్చిలో కరోనా లాక్‌డౌన్‌తో తెలంగాణలో కల్లు దుకాణాలు, మద్యం దుకాణాలు మూతపడ్డాయి. కొద్ది రోజుల్లోనే హైదరాబాద్ ఎర్రగడ్డలోని మానసిక చికిత్సాలయానికి వచ్చే రోగుల సంఖ్య అమాంతం పెరిగింది. వణుకు, నిద్రలేమి, మూర్ఛ, మతి చెదిరినట్లు మాట్లాడటం వారిలో కనిపించిన లక్షణాలు. కల్తీ కల్లులో అల్ప్రాజోలం, డయాజిపాం వంటి మత్తుమందులు కలుపుతారన్న సంగతి రాష్ట్రంలో ఎక్సైజ్ దాడుల్లో పలుమార్లు బయటపడింది. ఏళ్ల తరబడి వాటిని తెలియకుండానే తీసుకున్న శరీరం, సరఫరా ఆగగానే అదుపు తప్పింది.

మద్యం, మత్తుమాత్రలు మెదడును అణచి ఉంచుతాయి. దానిని తట్టుకోవడానికి మెదడు తన ఉత్తేజాన్ని పెంచుకుని ఉంటుంది. అణచే పదార్థం హఠాత్తుగా తొలగితే ఆ ఉత్తేజం కట్టలు తెంచుకుంటుంది. దీర్ఘకాలంగా ఎక్కువగా తాగేవారిలో చివరిసారి తాగిన ఒకటి రెండు రోజుల్లో మూర్ఛ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య 'డెలీరియం ట్రెమెన్స్' అనే ప్రాణాంతక స్థితి ఏర్పడవచ్చు. లేనివి కనిపించడం, తీవ్రమైన వణుకు, జ్వరం, గుండె వేగం దీని లక్షణాలు. అందువల్ల ఇటువంటివారిని గదిలో బంధించి మాన్పించే ప్రయత్నం ప్రాణాల మీదికి తెస్తుంది. ఆసుపత్రిలో తగిన మందుల మోతాదును క్రమంగా తగ్గిస్తూ, థయమిన్ అనే బీ1 విటమిన్ అందిస్తూ మాన్పించడమే సురక్షితం. ఓపియాయిడ్లు మానినప్పుడు కలిగే ఒళ్లునొప్పులు, విరేచనాలు, చలి, ముక్కు కారడం భరించలేనంత బాధాకరమైనా, ఇతరత్రా ఆరోగ్యంగా ఉన్నవారిలో అవి ప్రాణం తీయడం అరుదు.

చికిత్స ఏం చేయగలదు?

శరీరం నుంచి మత్తును తొలగించడం చికిత్సలో మొదటి మెట్టు మాత్రమే. అంతటితో ఇంటికి పంపిస్తే అత్యధికులు తిరిగి వాడతారు. అసలు పని ఆ తర్వాతే మొదలవుతుంది.

ఓపియాయిడ్ వ్యసనానికి ప్రత్యామ్నాయ ఔషధ చికిత్స ఉంది. 1960లలో న్యూయార్క్‌లో విన్సెంట్ డోల్, మేరీ నిస్వాండర్ మెథడోన్‌తో దీనికి బాట వేశారు. ఇప్పుడు బుప్రెనార్ఫిన్ కూడా విస్తృతంగా వాడుకలో ఉంది. ఇది గ్రాహకాలను పాక్షికంగా మాత్రమే ప్రేరేపిస్తూ, ఎక్కువసేపు అక్కడే నిలుస్తుంది. దాంతో బాధ, తపన తగ్గుతాయి. హెరాయిన్ ఎక్కించే తీవ్రమైన మత్తు మాత్రం ఉండదు. ఒక మత్తు స్థానంలో మరో మత్తు ఇవ్వడమేనన్న విమర్శ తరచుగా వినిపిస్తున్నా, ఈ చికిత్సలో ఉన్నవారిలో మరణాలు, సూదుల ద్వారా సోకే హెచ్‌ఐవీ తగ్గుతాయని అనేక దేశాల అనుభవం నిరూపించింది. భారత్‌లో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ ఆధ్వర్యంలో ఈ చికిత్స కేంద్రాలు నడుస్తున్నాయి. మోతాదు మించి ఊపిరి ఆగిపోతున్నవారిని కాపాడే మందు నలాక్సోన్.

మద్యం విషయంలో నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్, డైసల్ఫిరాం అనే మందులను వైద్యులు వాడతారు. డైసల్ఫిరాం వాడేవారు మద్యం తాగితే తీవ్ర అస్వస్థతకు గురవుతారు. రోగికి తెలియకుండా అన్నంలోనో కూరలోనో కలిపి పెట్టడం ప్రమాదకరం. పొగాకు మానడానికి నికోటిన్ చూయింగ్ గమ్, ప్యాచ్‌లు, వరెనిక్లిన్ ఉన్నాయి. గంజాయి, కొకైన్, మెథాంఫెటమిన్ వ్యసనాలకు ఇప్పటివరకు నిర్దిష్టమైన ఆమోదిత ఔషధమేదీ లేదు. కోరికను పుట్టించే సందర్భాలను గుర్తించి ఎదుర్కొనడం నేర్పే ఆలోచన, ప్రవర్తన చికిత్స, మానినందుకు చిన్న బహుమతులు ఇచ్చే పద్ధతి, కుటుంబ కౌన్సెలింగ్, మానినవారు నడుపుకునే పరస్పర సహాయ బృందాలు ఇందులో ముఖ్యమైనవి.

చికిత్స తర్వాత ఏడాదిలోపు తిరిగి వాడేవారు 40 నుంచి 60 శాతం వరకు ఉంటారని 2000 సంవత్సరంలో వెలువడిన ఒక ప్రసిద్ధ సమీక్ష పేర్కొంది. రక్తపోటు, ఉబ్బసం రోగుల్లో జబ్బు తిరగబెట్టే వారి సంఖ్య కూడా దీనికి తక్కువేమీ కాదని అదే సమీక్ష గుర్తుచేసింది. రక్తపోటు మళ్లీ పెరిగితే ఎవరూ రోగిని నిందించరు, మందు మార్చి చూస్తారు. వ్యసనం తిరగబెట్టినప్పుడు కూడా చికిత్సను సరిదిద్దుకోవాలే తప్ప విడిచిపెట్టకూడదన్నది వైద్యుల సూచన. కోలుకునే ఆధారాలూ ఉన్నాయి. మెథాంఫెటమిన్ మానినవారిలో ఏడాది దాటాక డోపమైన్ రవాణా ప్రొటీన్లు గణనీయంగా పెరిగినట్లు 2001 నాటి పెట్ స్కాన్ అధ్యయనం చూపింది.

వ్యాధా? స్వయంకృతమా?

వ్యసనం మెదడు వ్యాధి అని అమెరికా మాదకద్రవ్య పరిశోధన సంస్థ అప్పటి అధిపతి అలన్ లెష్నర్ 1997లో సైన్స్ పత్రికలో వాదించారు. నిందకు బదులు వైద్యం అందించాలన్న దృక్పథానికి ఈ వాదన బలమిచ్చింది. దీనితో ఏకీభవించని పండితులూ ఉన్నారు. హార్వర్డ్ మనస్తత్వవేత్త జీన్ హేమన్ అనేకులు చికిత్స లేకుండానే మానేస్తున్న వాస్తవాన్ని ఎత్తిచూపారు. నాడీశాస్త్రవేత్త మార్క్ లూయిస్ దీనిని వ్యాధిగా కాక, లోతుగా పాతుకుపోయిన అభ్యసనంగా చూడాలన్నారు.

ఈ వాదాలు పరస్పరం కొట్టివేసుకునేవి కావని భావించేవారు ఎక్కువ. బాధితుని నిర్ణయశక్తి పూర్తిగా నశించదు, బలహీనపడుతుంది. చికిత్స, ఆసరా, ఉపాధి, కుటుంబ ఆదరణ ఆ శక్తిని తిరిగి నిలబెడతాయి.

భారత్‌లో పరిస్థితి

కేంద్ర సామాజిక న్యాయ, సాధికారత మంత్రిత్వ శాఖ కోసం ఢిల్లీ ఎయిమ్స్ నిర్వహించిన దేశవ్యాప్త సర్వే నివేదిక 2019లో విడుదలైంది. దాని ప్రకారం 10 నుంచి 75 ఏళ్ల మధ్య వయస్కుల్లో 14.6 శాతం, అంటే సుమారు 16 కోట్ల మంది మద్యం తాగుతున్నారు. వీరిలో 5.7 కోట్ల మందికి వైద్యసాయం అవసరం. గంజాయి, భంగు వంటివి వాడేవారు 2.8 శాతం, ఓపియాయిడ్లు వాడేవారు 2.1 శాతం. ఓపియాయిడ్ల విషయంలో సుమారు 77 లక్షల మందికి సాయం కావాలి. జిగురు, వైట్‌నర్ వంటివి పీల్చే అలవాటు పెద్దల కన్నా పిల్లల్లో ఎక్కువగా కనిపించింది. మద్యంపై ఆధారపడినవారిలో 38 మందికి ఒక్కరు మాత్రమే ఏదో ఒక చికిత్స పొందినట్లు ఇదే నివేదిక తెలిపింది.

మాదకద్రవ్యాల నిరోధానికి 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం అమలులో ఉంది. ఆ చట్టంలోని 64ఎ సెక్షన్ ప్రకారం, స్వల్ప పరిమాణం లేదా సొంత వినియోగం కేసు ఎదుర్కొంటున్న వ్యసనపరుడు స్వచ్ఛందంగా గుర్తింపు పొందిన సంస్థలో చికిత్స పూర్తిచేసుకుంటే విచారణ నుంచి మినహాయింపు పొందవచ్చు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మాదకద్రవ్యాలతో ముడిపడిన మానసిక స్థితులను మానసిక రుగ్మత నిర్వచనంలో చేర్చింది. చికిత్స పేరిట రోగిని గొలుసులతో కట్టివేయడాన్ని ఆ చట్టం నిషేధించింది. రోగిని చేర్చే ముందు ఆ కేంద్రానికి రిజిస్ట్రేషన్ ఉందా, మానసిక వైద్యుడు అందుబాటులో ఉంటారా అన్నది కుటుంబ సభ్యులు తప్పక విచారించాలి.

వ్యసన విముక్తి కోసం జాతీయ ఉచిత సహాయవాణి 14446. మానసిక ఆరోగ్య సలహాల కోసం 'టెలి మానస్' 14416 నంబరులో తెలుగు సహా పలు భాషల్లో అందుబాటులో ఉంది. ఎర్రగడ్డ, విశాఖపట్నం ప్రభుత్వ మానసిక చికిత్సాలయాలు, బెంగళూరులోని నిమ్హాన్స్, ప్రభుత్వ వైద్య కళాశాలల మానసిక వైద్య విభాగాలు చికిత్స అందిస్తున్నాయి. రోజూ ఎక్కువగా తాగే వ్యక్తిని గానీ, దీర్ఘకాలంగా మత్తుమాత్రలు వాడుతున్న వ్యక్తిని గానీ మాన్పించాలనుకుంటే, మొదట వైద్యుణ్ని సంప్రదించి ఆ తర్వాతే మాన్పించాలి. మూర్ఛ, మతి తప్పడం, శ్వాస మందగించడం కనిపిస్తే వెంటనే 108కు ఫోన్ చేయాలి.